రెండేళ్ల పిడికిలి: మహిళా శిశు సంక్షేమ శాఖల మంత్రులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్, తెలంగాణ మహిళా శిశు సంక్షేమ శాఖల మంత్రిగార్లకు,



అంగన్‌వాడీల గురించి మీకు అందే వినతిపత్రాల్లో గుడ్ల సరఫరా గురించి, పాల గురించి, అద్దె బకాయిల గురించి, టీచర్ల వేతనాల గురించి ఉంటుంది. అవన్నీ అడగదగ్గవే, తీర్చదగ్గవే. నేను రాస్తున్నది వినతిపత్రాల్లో కనిపించని సంగతి. మీ కేంద్రాల్లో చాపల మీద కూర్చునే రెండేళ్ల, మూడేళ్ల, నాలుగేళ్ల పిల్లలు ఒకరినొకరు కొట్టుకుంటారు. కొట్టింది బాబు అయితే మనం ఒక రకంగా చూస్తాం, పాప అయితే ఇంకో రకంగా చూస్తాం. ఆ తేడా ఆ ఇద్దరినీ ఎటు తీసుకుపోతోందో చెప్పడానికే ఈ ఉత్తరం.

ఆడపిల్ల మీద దాడి జరిగిన ప్రతిసారీ మనం హోం శాఖ వైపు చూస్తాం. షీ టీమ్స్, హెల్ప్‌లైన్లు, ఫాస్ట్‌ట్రాక్ కోర్టులు అంటాం. అవి ఉండాలి. అయితే అవన్నీ కుర్రాడికి ఇరవై ఏళ్లు వచ్చాక మొదలయ్యే పనులు. అదే కుర్రాడు మూడేళ్లవాడిగా మీ శాఖ చాప మీద కూర్చుని గుడ్డు తిన్నాడు. అందుకే ఈ ఉత్తరం హోం మంత్రులకు కాక మీకు రాస్తున్నాను.

మనిషి ఏ వయసులో ఎక్కువగా చేయి చేసుకుంటాడని అడిగితే చాలామంది పదహారో, పద్దెనిమిదో అంటారు. మాంట్రియల్ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ ట్రెంబ్లే, ఆయన సహచరులు పసితనం నుంచి పిల్లలను ఏళ్ల తరబడి గమనించారు. కొట్టడం, కొరకడం, తోయడం, చేతిలోది లాక్కోవడం రెండు నుంచి నాలుగేళ్ల మధ్యే అన్నిటికంటే ఎక్కువగా ఉంటాయని, ఆ తర్వాత చాలామంది పిల్లల్లో ఏటికేడు తగ్గుతూ వస్తాయని వాళ్లు తేల్చారు. అంటే కొట్టడం పిల్లలకు ఎవరూ నేర్పనక్కర్లేదు. కొట్టకుండా ఉండటం నేర్పాలి. నోట మాట రావడం, తన వంతు కోసం ఆగడం, ఎదుటివాడికి నొప్పెట్టిందని ముఖం చూసి పోల్చుకోవడం, పెద్దవాళ్లు మధ్యలోకి వచ్చి చెయ్యి పట్టుకుని ఆపడం, వీటన్నిటితో ఆ నేర్పు వస్తుంది. ఇదంతా బడికి ముందే జరిగే చదువు. ఆంధ్రప్రదేశ్‌లో 55 వేలకు పైగా, తెలంగాణలో 35 వేలకు పైగా అంగన్‌వాడీ కేంద్రాలున్నాయి. పేదింటి పిల్లల్లో ఎక్కువమంది ఆ చదువు చదివేది వాటిలోనే.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. మగపిల్లలు పుట్టుకతోనే దుడుకు, అది ఒంట్లో ఉన్న గుణం, టీచరు ఏం చేస్తుంది, అని. ఈ మాటను తేలిగ్గా కొట్టిపారేయడం నాకిష్టం లేదు, ఎందుకంటే ఇందులో కొంత నిజముంది. పిల్లల దూకుడు మీద జరిగిన 148 అధ్యయనాలను 2008లో నోయెల్ కార్డ్ బృందం ఒకచోట చేర్చి చూసింది. చేత్తో కొట్టడం, ఎదురుగా తిట్టడం మగపిల్లల్లోనే ఎక్కువని అందులోనూ తేలింది. తల్లి కడుపులో ఉండగా పురుష హార్మోన్ల ప్రభావం ఎక్కువగా పడిన ఆడపిల్లలు కొంచెం మోటు ఆటల వైపు మొగ్గుతారనీ పరిశోధకులు చూశారు. కాబట్టి ఇదంతా మనం కల్పించిన తేడాయే అని నేను అనను.

అయితే జనం పేరు పెట్టి చెప్పే టెస్టోస్టెరాన్ సంగతి వేరు. పుట్టిన తొలి కొద్ది నెలలు పక్కన పెడితే, యుక్తవయసు వచ్చేదాకా ఆ హార్మోను మగపిల్లల్లోనూ ఆడపిల్లల్లోనూ చాలా తక్కువగానే ఉంటుంది. నాలుగేళ్ల బాబు పక్క పాప జుట్టు పీకితే దానికి హార్మోను పేరు చెప్పి ఊరుకోవడం కుదరదు. పుట్టుకతో వచ్చింది చిన్న మొగ్గు. దాన్ని పెంచడమా తగ్గించడమా అన్నది మన చేతుల్లో ఉంది. తెలిసో తెలియకో మనం పెంచుతున్నామన్నదే నా బాధ.

ఎలా పెంచుతామో చూడండి. 1976లో జాన్ కాండ్రీ, సాండ్రా కాండ్రీ అనే పరిశోధకులు 204 మంది స్త్రీ పురుషులకు తొమ్మిది నెలల బిడ్డ వీడియో చూపించారు. మూత తెరుచుకోగానే బొమ్మ పైకి ఎగిరే పెట్టెను చూసి ఆ బిడ్డ ఉలిక్కిపడి ఏడుస్తుంది. చూసేవాళ్లలో కొందరికి అది బాబు అని చెప్పారు, మిగిలినవాళ్లకు పాప అని చెప్పారు. బాబు అనుకున్నవాళ్లకు ఆ ఏడుపులో కోపం కనిపించింది. పాప అనుకున్నవాళ్లకు అదే ఏడుపులో భయం కనిపించింది. బిడ్డ ఒక్కటే, ఏడుపు ఒక్కటే. భయపడ్డ బిడ్డను ఎత్తుకుని గుండెకు హత్తుకుంటాం. కోపం వచ్చిన బిడ్డ కనిపిస్తే, వీడికి పౌరుషం ఎక్కువే అని పక్కింటివాళ్లకు కూడా చెప్పుకుంటాం. తొమ్మిది నెలల బిడ్డ అందుకునేది అక్కడ ఒక స్పర్శ, ఇక్కడ ఒక ప్రశంస.

ఓరెగాన్ విశ్వవిద్యాలయంలో బెవర్లీ ఫాగట్ బృందం 1985లో ప్రచురించిన అధ్యయనం మీ శాఖకు ఇంకా దగ్గరది. ఏడాది దాటిన పసిపిల్లలు ఆడుకునే బృందాలను వాళ్లు గమనించారు. తోయడంలో, లాక్కోవడంలో ఆ వయసున ఆడపిల్లలకూ మగపిల్లలకూ తేడా కనిపించలేదు. తేడా ఉన్నది చూసుకునే పెద్దవాళ్లలో. బాబు తోస్తే పెద్దవాళ్లు అటు తిరిగారు, ఏదో ఒకటి అన్నారు, ఇంకో బొమ్మ చేతికిచ్చారు. పాప తోస్తే చాలాసార్లు పట్టించుకోలేదు. అదే పాప మెల్లగా దగ్గరికొచ్చి ముద్దుమాటలతో పలకరిస్తే అప్పుడు ఇటు తిరిగారు. ఏడాది గడవకుండానే మళ్లీ చూస్తే ఆ పిల్లల్లో తేడా వచ్చేసింది. మగపిల్లలు తోయడంలో ముందున్నారు, ఆడపిల్లలు పెద్దవాళ్లతో మాట్లాడటంలో ముందున్నారు. అక్కడ ఎవరూ ఏ పాఠమూ చెప్పలేదు. ఎవరు ఏం చేస్తే ఇటు తిరిగి చూస్తారో పిల్లలు లెక్క కట్టుకున్నారు, అంతే.

మన ఇళ్లలో ఈ లెక్క ఇంకా పచ్చిగా ఉంటుంది. బుడిబుడి అడుగులు వేసే బిడ్డ కాలు తడబడి పడితే అమ్మమ్మ ఏం చేస్తుందో మీకూ తెలుసు. నేలను చేత్తో రెండు దెబ్బలు వేసి, “నిన్ను పడేసిందా, కొట్టేశాను చూడు, ఊరుకో” అంటుంది. అందులో ప్రేమ తప్ప ఇంకేం లేదు. కానీ నొప్పి పుడితే ఎవరో ఒకరిని కొట్టాలి, అప్పుడు ఏడుపు ఆగాలి అన్న పాఠం బిడ్డ అక్కడే మొదటిసారి వింటుంది. ఇంతవరకు ఆ పాఠం బాబుకూ పాపకూ ఒకటే. మూడేళ్లు దాటాక దారులు విడిపోతాయి. బాబుకు “దెబ్బలు తిని రాకు, కొట్టి రా” అని చెబుతాం. ఏడిస్తే “ఆడపిల్లలా ఏంటా ఏడుపు” అంటాం. వెనక్కి తగ్గితే “గాజులు తొడుక్కో” అంటాం. మావయ్య వచ్చి “ఏదీ, తొడ కొట్టు, మీసం తిప్పు” అని అడుగుతాడు. లేని మీసం మీద చెయ్యేసి ఆ పసివాడు తిప్పితే ఇల్లంతా నవ్వుతుంది, ఎవరో ఫోనులో వీడియో తీస్తారు. పాప అదే తొడ కొడితే నవ్వు మధ్యలో ఆగుతుంది. “ఏంటే ఆ మగరాయుడి వేషాలు” అని అమ్మమ్మే గౌను సర్దుతుంది.

ఏడ్చే మగవాణ్ణి, నవ్వే ఆడదాన్ని నమ్మకూడదని మన సామెత. తరతరాలుగా చలామణీలో ఉన్న ఈ ఒక్క మాట బాబు దగ్గర దుఃఖాన్ని, పాప దగ్గర స్వేచ్ఛను లాగేసుకుంటుంది. దుఃఖం చూపించడానికి వీల్లేని పిల్లవాడికి మిగిలేది కోపం. అవమానం వచ్చినా, భయం వేసినా, ఆకలేసినా, ఒంటరితనం పట్టినా అన్నీ అందులోంచే బయటికొస్తాయి. వాడి కోపానికి శిక్షలు వేస్తాం కానీ వాడి ఏడుపును ఎందుకు ఆపామని మనల్ని మనం అడగం.

ఒక అంగన్‌వాడీలో నేను చూసినది చెబుతాను. నాలుగేళ్లు ఉండొచ్చు ఆ బాబుకు. పక్కన కూర్చున్న పాప జడ పట్టుకుని గట్టిగా లాగాడు. టీచరు చేతిలో రిజిస్టరు ఉంది. తలెత్తి చూసి, “ఒరేయ్ హీరో, ఆగరా” అని నవ్వి మళ్లీ రాసుకుంది. కాసేపటికి ఆ పాప పలక ఎత్తి వాడి మోచేతి మీద ఒక్కటి వేసింది. ఈసారి టీచరు రిజిస్టరు పక్కన పెట్టింది. “ఆడపిల్లవి, ఆ చెయ్యేంటి నీకు?” అని పాపను లేపి గోడ దగ్గర నిలబెట్టింది. ఆమె చెడ్డ టీచరు కాదు. పిల్లలు ఆమె కొంగు పట్టుకుని తిరుగుతారు, జ్వరం వచ్చిన పిల్లాణ్ణి సాయంత్రం ఇంటికెళ్లి చూసి వస్తుంది. తనను అమ్మ ఎలా పెంచిందో, తన పిల్లల్ని తను ఎలా పెంచిందో అదే చేసింది. ఆ గోడ దగ్గర నిలబడ్డ పాప ఏడవలేదు. పెదవి బిగించి బాబు వైపే చూసింది. మధ్యాహ్నం గుడ్లు పంచేటప్పుడు పక్క పాప చెవిలో ఏదో చెప్పింది, ఆ తర్వాత ఇద్దరూ కలిసి ఇంకో పాపను తమ వరసలోంచి జరిపేశారు. ఆ మూడో పాప ఏ తప్పూ చేయలేదు.

ఈ ఆఖరి భాగం మనం సాధారణంగా చూడం. ఆడపిల్లలకు కోపం లేదనుకుంటాం. నికీ క్రిక్, జెన్నిఫర్ గ్రోట్‌పీటర్ 1995లో మూడు నుంచి ఆరో తరగతి పిల్లల మీద అధ్యయనం చేసి, స్నేహాలను ఆయుధంగా వాడటం కూడా దూకుడేనని చూపించారు. ఒకరిని ఆటలోంచి వెలివేయడం, చాడీలు చెప్పడం, “దానితో మాట్లాడితే నీతో కటీఫ్” అని బెదిరించడం, ఇవన్నీ అందులోకి వస్తాయి. అలాంటి పిల్లలు తామూ ఒంటరితనంతో, దిగులుతో ఉన్నట్టు వాళ్లు గుర్తించారు. నేను పైన చెప్పిన 148 అధ్యయనాల సంకలనంలో ఇంకో సంగతీ తేలింది. ఈ చాటుమాటు దూకుడులో ఆడ, మగ పిల్లల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. అంటే ఆడపిల్లలు పుట్టుకతో చాడీకోరులన్న లోకం మాట నిజం కాదు. ఎదురుగా నిలబడి “అది నాది, ఇవ్వు” అని అరిచే దారి మూసేస్తే ఏ బిడ్డయినా పక్కదారి వెతుక్కుంటుంది. మగపిల్లలకు రెండు దారులూ తెరిచి ఉన్నాయి. ఆడపిల్లలకు ఒకటే ఉంచాం.

ఆడపిల్లల్లో కొట్టే శక్తి లేక కొట్టడం లేదా, లేక కొట్టకూడదని తెలిసి ఆగుతున్నారా? ఆల్బర్ట్ బందూరా 1965లో చేసిన ప్రయోగం దీనికి సూటిగా జవాబిస్తుంది. గాలి నింపిన బోబో బొమ్మను ఒక వ్యక్తి కొట్టే సినిమాను ఆయన చిన్నపిల్లలకు చూపించాడు. ఆ తర్వాత బొమ్మ ఉన్న గదిలో వదిలితే మగపిల్లలు చూసింది చూసినట్టు చాలా చేశారు, ఆడపిల్లలు తక్కువ చేశారు. అప్పుడు ఆయన, సినిమాలో చూసింది చేసి చూపిస్తే పళ్లరసం, స్టిక్కర్లు ఇస్తామన్నాడు. దానితో ఆ తేడా దాదాపు కరిగిపోయింది. ఆడపిల్లలు కూడా ప్రతి దెబ్బనూ గుర్తు పెట్టుకున్నారు. చేయొచ్చని పెద్దవాళ్లు అన్నదాకా బయటపెట్టలేదు.

మంత్రిగార్లూ, నేను ఈ ప్రయోగం గురించి ఆలోచించినప్పుడల్లా నా మనసు మన రాష్ట్రాల లెక్కల మీదికి పోతుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో భర్త భార్యను కొట్టడానికి ఏడు కారణాలు చెప్పి, వీటిలో ఏ ఒక్కదానికైనా కొట్టడం సబబేనా అని అడిగారు. చెప్పకుండా బయటికెళ్లడం, వంట సరిగ్గా చేయకపోవడం, ఎదురు మాట్లాడటం, అత్తమామలను గౌరవించకపోవడం లాంటివి ఆ కారణాలు. తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ నూటికి 80 మందికి పైగా స్త్రీలు సబబే అన్నారు. దేశంలో అత్యధికంగా ఆ మాట అన్నది మన రెండు రాష్ట్రాల స్త్రీలే. నేను దీన్ని వాళ్ల తప్పుగా చూడను. నాలుగేళ్ల వయసులో గోడ దగ్గర నిలబడ్డ పాపలు వీళ్లు. తాము కొట్టకూడదు, వాడు కొడితే దానికేదో కారణం ఉండే ఉంటుంది అన్నది వాళ్లు అక్షరాల కంటే ముందు నేర్చుకున్నారు.

మగపిల్లల వైపు కూడా ఒక చేదు లెక్క ఉంది. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి మంత్రిత్వ శాఖ 13 రాష్ట్రాల్లో జరిపించి 2007లో వెలువరించిన బాలల హింస అధ్యయనంలో అప్పటి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. ప్రతి ముగ్గురు పిల్లల్లో ఇద్దరు దెబ్బలు తిన్నవాళ్లేనని అది చెప్పింది. ఆ దెబ్బలు తిన్నవాళ్లలో మగపిల్లలు సగానికి మించి ఉన్నారు. మగపిల్లాడికి మొండితనం ఎక్కువ, మాటతో వినడు, నాలుగు తగిలిస్తే దారికొస్తాడు అని మనం నమ్ముతాం. పిల్లాణ్ణి కొట్టి కొట్టొద్దని నేర్పాలనుకుంటాం. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బడిలో శారీరక శిక్షను, మానసిక వేధింపును నిషేధించింది. ఆ చట్టం వర్తించేది ఆరేళ్ల నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు. అంతకంటే చిన్నపిల్లలు మీ చాప మీద ఉన్నారు, వాళ్ల కోసం మీ శాఖే మాట్లాడాలి. పిల్లలను కొట్టకుండా, భయపెట్టకుండా పెంచాలని ‘బిడ్డల శిక్షణ’లో చలం ఎంత గట్టిగా రాశాడో తెలుగువాళ్లకు కొత్తగా చెప్పనక్కర్లేదు. ఇన్ని తరాలు గడిచాక కూడా బెత్తం పట్టుకోని టీచరును చేతకానిదంటున్నారు.

బడిలో ఇంకో శిక్ష ఉంది, ఎవరూ దాన్ని శిక్షల జాబితాలో చేర్చరు. అల్లరి చేసిన మగపిల్లాణ్ణి తీసుకెళ్లి ఆడపిల్లల వరసలో కూర్చోబెడతారు. తరగతి అంతా గొల్లున నవ్వుతుంది. వాడు చెవులు ఎర్రబడి తల దించుకుంటాడు. ఆడపిల్లగా ఉండటమే అవమానమని ఇంత సూటిగా చెప్పే పాఠం మరొకటి లేదు. ఆ వరసలో అప్పటికే కూర్చున్న ఆడపిల్లలు కూడా ఆ పాఠాన్ని వింటున్నారని ఎవరికీ తోచదు. అంగన్‌వాడీల్లో ఈ అలవాటు ఉంటే మొదట దాన్ని మాన్పించండి. దానికి బడ్జెట్ అక్కర్లేదు, ఒక్క సర్క్యులరు చాలు.

ఇక మార్చడం సాధ్యమేనా అంటే, నాకు అన్నిటికంటే ధైర్యమిచ్చేది కెన్యాలోని లువో ప్రజల మధ్య కారల్ ఎంబర్ చేసిన అధ్యయనం. ఆమె దాన్ని 1973లో ప్రచురించింది. అక్కడా మనలాగే నీళ్లు తేవడం, వంటలో సాయం, చంటిబిడ్డను చూసుకోవడం ఆడపిల్లల పని. అయితే ఇంట్లో తగిన వయసున్న ఆడపిల్ల లేకపోతే ఆ పనులు అబ్బాయిల మీద పడతాయి. అలా ఇంటిపని, బిడ్డపని చేస్తున్న అబ్బాయిలను మిగిలిన అబ్బాయిలతో పోల్చి ఆమె చూసింది. పని చేసే సమయంలోనే కాదు, పని లేకుండా స్నేహితుల మధ్య ఉన్నప్పుడు కూడా వాళ్లు తక్కువ దూకుడుగా, ఎదుటివాళ్ల అవసరాన్ని ఎక్కువగా గమనిస్తూ ఉన్నారు. ఎవరూ వాళ్లకు నీతులు చెప్పలేదు. చంకలో చంటిబిడ్డ ఉంటే, ఆ బిడ్డ ఎందుకు ఏడుస్తోందో కనిపెట్టకపోతే పని జరగదు. ఆ కనిపెట్టడం అలవాటై చంకలో బిడ్డ లేనప్పుడూ మిగిలింది.

మన దేశంలో 2024 కాలవినియోగ సర్వే ప్రకారం ఇంటిపని చేసే స్త్రీలు రోజుకు 289 నిమిషాలు దానికి ఇస్తుంటే, చేసే మగవాళ్లు 88 నిమిషాలు ఇస్తున్నారు. దీన్ని మనం ఎప్పుడూ స్త్రీల శ్రమ లెక్కగానే చదువుతాం. మగపిల్లలు ఏ అభ్యాసానికి దూరమవుతున్నారో చెప్పే లెక్కగా కూడా చదవాలని నా మనవి.

హరియాణాలో కూడా ఒక దారి కనిపించింది. బ్రేక్‌త్రూ అనే సంస్థ 2014 నుంచి రెండున్నరేళ్లపాటు ప్రభుత్వ బడుల్లో ఏడో తరగతి నుంచి పిల్లలతో ఆడ, మగ పాత్రల గురించి మాట్లాడించింది. 314 బడుల్లో కొన్నింటిలో ఆ తరగతులు పెట్టి, కొన్నింటిలో పెట్టకుండా పరిశోధకులు పోల్చారు. తరగతులు జరిగిన చోట పిల్లల అభిప్రాయాలు మారాయి. ఇంటిపనుల్లో చెయ్యి వేస్తున్నామని మగపిల్లలు చెప్పారు. పిల్లల్లో లింగనిష్పత్తి గురించి తలదించుకోవాల్సి వచ్చిన రాష్ట్రంలో ఇది జరిగింది. కేరళ 2024లో మూడో తరగతి పుస్తకంలో వంటింట్లో కొబ్బరి కోరుతున్న తండ్రి బొమ్మ వేసింది. మంచి పనులే. అయినా ఏడో తరగతి, మూడో తరగతి ఆలస్యమని నాకనిపిస్తుంది. మనకు అంతకంటే ముందే పిల్లల దగ్గరికి వెళ్లే అంగన్‌వాడీ ఏర్పాటు 1975 నుంచీ ఉంది.

కాబట్టి అడుగుతున్నాను. కేంద్రం ఇస్తున్న ‘పోషణ్ భీ పఢాయి భీ’ శిక్షణ మీ రెండు రాష్ట్రాల టీచర్లూ తీసుకుంటున్నారు. అందులో మీ వంతుగా ఒక్క పూట దీనికి కేటాయించండి. ఉపన్యాసం వద్దు. ఏడుస్తున్న బిడ్డ వీడియో చూపించి కొందరికి బాబు అని, కొందరికి పాప అని చెప్పి, ఏం చూశారో వాళ్లనే చెప్పమనండి. తన చూపును తాను పట్టుకున్న టీచరుకు ఇంకెవరూ బోధించనక్కర్లేదు. ఆ తర్వాత కేంద్రంలో చేయాల్సింది చిన్నదే. కొట్టింది ఎవరైనా టీచరు లేచి వెళ్లాలి, చెయ్యి ఆపాలి, ఇద్దరి మొహం చూసి మాట అందించాలి: “నీకు కోపం వచ్చింది, ఆ బొమ్మ కావాలి. నోటితో అడుగు.” పాపకు కూడా ఇదే మాట. పాపకు కోపం రావచ్చని ఒక పెద్దమనిషి ఒప్పుకోవడం ఆ పాప జీవితంలో బహుశా మొదటిసారి అవుతుంది. పిల్లలు నవ్వుతూ ఒకరి మీద ఒకరు పడి దొర్లుతుంటే మాత్రం ఆపొద్దని కూడా చెప్పండి. అది పోట్లాట కాదు, ఆట. కాసేపు వాడు కింద, కాసేపు వీడు కింద, ఇద్దరి మొహంలోనూ నవ్వు ఉంటుంది. ఆ ఆటలోకి ఆడపిల్లలనూ రానివ్వాలి.

పళ్లాలు సర్దడం, గుడ్డు పొట్టు తీసి చిన్నవాళ్లకు ఇవ్వడం, నీళ్లు పోయడం, చాప దులపడం, బొమ్మకు జోల పాడటం, ఇవి వంతులవారీగా అందరు పిల్లలకూ రావాలి. పెద్ద పిల్లాడికి ఒక చిన్న బిడ్డను అప్పజెప్పాలి, చెయ్యి కడిగించి కూర్చోబెట్టే బాధ్యత వాడిదే కావాలి. లువో అబ్బాయిలకు అక్కాచెల్లెళ్లు లేక దొరికిన ఆ అవకాశం మన పిల్లలకు ఏర్పాటుగా దొరకాలి.

తల్లులను మాత్రమే పిలిచే నెలవారీ సమావేశాలకు తండ్రులను కూడా పిలవండి. తండ్రి పనికి పోయాడంటే తాతను పిలవండి. మీ కేంద్రాల్లో టీచరు, ఆయా ఇద్దరూ స్త్రీలే. అది వాళ్ల జీవనాధారం, అందులో మగవాళ్లకు వాటా పెట్టమని నేను అడగను. కానీ అన్నం పెట్టే చెయ్యి, ముక్కు తుడిచే చెయ్యి ఎప్పుడూ స్త్రీదే అయితే మగపిల్లాడు తన చెయ్యి దేనికో ఎవరిని చూసి నేర్చుకుంటాడు? వారానికి ఒకరోజు ఒక తాతయ్య వచ్చి కథ చెప్పి, నలుగురికి అన్నం కలిపి పెట్టి వెళ్తే చాలు.

ఇదంతా టీచర్ల నెత్తిన ఇంకో మూటగా పెట్టి ఊరుకుంటే మాత్రం నేను రాసింది వృథా. ఆంధ్రప్రదేశ్‌లో 2023 డిసెంబరు నుంచి 2024 జనవరి దాకా అంగన్‌వాడీ టీచర్లు, ఆయాలు 42 రోజులు సమ్మెలో రోడ్డు మీద కూర్చున్నారు. తెలంగాణలోనూ వాళ్లు సమ్మెకు దిగిన సందర్భాలున్నాయి. వాళ్లకు ఇప్పటికే పోషణ్ ట్రాకర్ యాప్‌లో ఫొటోలు ఎక్కించడం, రిజిస్టర్లు రాయడం, సర్వేలు, ఎన్నికల పనులు ఉన్నాయి. నేను చూసిన ఆ టీచరు జడ లాగిన బాబును నవ్వి వదిలేసింది ఆమె చేతిలో రిజిస్టరు ఉన్నందువల్ల కూడా. తల ఎత్తి పిల్లలను చూసే తీరిక ఆమెకు ఇవ్వకుండా, ఎలా చూడాలో శిక్షణ ఇవ్వడంలో అర్థం లేదు. ఏ రిజిస్టరు తీసేయొచ్చో, ఏ ఎంట్రీ నెలకోసారి చాలో మీ అధికారులతో కాక ఆ టీచర్లతో కూర్చుని తేల్చండి. వచ్చే విడత శిక్షణ తేదీలు ఖరారయ్యే లోపు ఆ కూర్చోవడం జరిగితే, ఆ ఒక్క పూట ఎక్కడి నుంచి తీయాలో వాళ్లే మీకు చెబుతారు.

నమస్కారాలతో,
శిశువిద్యారంగంలో పనిచేసిన ఒక పౌరురాలు